ఒక రింగు ఇచ్చి పెట్టేయ్

సెల్‌ఫోన్ వచ్చాక మర్యాదలు పోయాయని అనని వాళ్లు లేరు. భోజనాల బంతిలో ఫోన్ చూసుకుంటారు, బస్సులో స్పీకర్ పెట్టి ఇంటి గొడవలు మాట్లాడతారు, మాట సగంలో ఉండగా ‘ఒక్క నిమిషం’ అంటూ లేచిపోతారు. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే నేరం మోపాల్సింది ఫోన్ మీద కాదు. ఇదే ఫోను చేతిలో పెట్టుకుని ఇదే జనం పది పదిహేనేళ్ల పాటు చాలా నాజూకైన మర్యాద ఒకటి పాటించారు. బళ్లో ఎవరూ చెప్పలేదు, కంపెనీలు నేర్పలేదు. అదే మిస్డ్ కాల్. దాన్ని పిసినారితనం కింద జమకట్టి, సినిమాల్లో జోకులు వేసుకుని నవ్వుకున్నాం. నన్నడిగితే, ఫోన్ విషయంలో మనం సొంతంగా కల్పించుకున్న మర్యాద అదొక్కటే. దాన్ని పుట్టించిందీ బిల్లే, చంపిందీ బిల్లే.

1995 జూలై 31న కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో సెల్‌ఫోన్‌లో మాట్లాడారు. దేశంలో అదే మొదటి కాల్ అని చెప్పుకుంటాం. అప్పట్లో చేసినవాడికీ బిల్లే, ఎత్తినవాడికీ బిల్లే. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది, భారమంతా చేసేవాడి మీద పడింది. అప్పుడు జనం కనిపెట్టిన కిటుకు చాలా చిన్నది. అవతలివాడు ఎత్తితేనే డబ్బు, మోగితే కాదు. కాబట్టి మోగించి వదిలేస్తే చాలు. లెక్క నిమిషాల్లో ఉన్నన్నాళ్లూ మాట్లాడేవాళ్ల కన్ను తెర మీది సెకన్ల మీదే ఉండేది. యాభై దాటితే ‘ఉంటా మరి’. 2009లో టాటా డొకొమో సెకనుకు పైసా అన్నాక ఆ తొందర కాస్త తగ్గింది. మనం సంస్కారం అనుకున్న క్లుప్తత చాలావరకు నిమిషానికింత అన్న పల్స్ రేటు పుణ్యమే.

మిస్డ్ కాల్‌ని దగ్గరగా చూస్తే అందులో పనితనం కనిపిస్తుంది. బస్టాండులో దిగిన మనిషి బొటనవేలు ఎర్ర మీట మీద సిద్ధంగా పెట్టుకుని నంబరు కలిపేవాడు. ఒక్క రింగు వినపడగానే కట్. ఇంట్లో తమ్ముడు తెర మీద పేరు చూసి, ఎత్తకుండా, బండి తాళం తీసుకుని బయల్దేరేవాడు. పనితనం ఇద్దరిదీ. ఎత్తాలన్న ఆత్రం ఆపుకోవడం అవతలివాడి వంతు. పొరపాటున ఎత్తితే రూపాయి పోయేది, పైగా తిట్లు. ఒక రింగంటే చేరాను, రెండంటే బయల్దేరు, ఆగకుండా వస్తుంటే ఏదో కొంప మునిగింది, వెంటనే చెయ్యి. ఏ ఇంటి గుర్తులు ఆ ఇంటివే. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్‌కి పోయేది రింగే. కార్డు కొని తిరిగి చేసే పూచీ అక్కడ సంపాదిస్తున్నవాడిది. కోనసీమ నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన ఆడమనిషికైతే సేఠ్ ఇంట్లో పని తెమిలితే గాని మాట్లాడే వీలుండదు. ఇక్కణ్నుంచి వెళ్లిన రింగు ఆమె తీరికయ్యేదాకా ఫోన్‌లో పడి ఉండేది. ఎవరినీ తొందరపెట్టేది కాదు.

నేను మర్యాద అంటున్నది సరిగ్గా దీన్నే. ఎప్పుడు మాట్లాడాలో తేల్చే హక్కును మిస్డ్ కాల్ అవతలి మనిషికి వదిలేస్తుంది. ఇంటికొచ్చినవాడు సరాసరి లోపలికి రాకుండా అరుగు దగ్గర ఆగి గొంతు సవరించుకున్నట్టు. ఖర్చు ఎవరు భరించాలన్నదీ అందులోనే తేలిపోయేది: ఉన్నవాడు, పెద్దవాడు, అవసరం తనదైనవాడు. ఇది మనకొక్కరికే తట్టిన ఆలోచనా కాదు. జొనాథన్ డోనర్ అనే పరిశోధకుడు రువాండాలో ఈ అలవాటును గమనించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. అక్కడా డబ్బున్నవాడే తిరిగి చేయాలన్నది ఎవరూ రాయని నియమం. మన దగ్గర కంపెనీలు సైతం దీని విలువ పట్టేశాయి. బెంగళూరులో మిస్డ్ కాల్ మీదే వ్యాపారం కట్టిన జిప్‌డయల్‌ను 2015లో ట్విటర్ కొనుక్కుంది. పార్టీ సభ్యత్వాలు, బ్యాంకు బ్యాలెన్సులు అన్నీ మిస్డ్ కాల్ మీదికెక్కాయి. 2019లో రింగు ఎంతసేపు మోగాలన్న దాని మీద జియో, ఎయిర్‌టెల్ తగవు పడ్డాయి. రింగు ముందే ఆగిపోతే అవతలివాడు తిరిగి చేస్తాడు, అప్పట్లో అలాంటి కాల్‌కు నిమిషానికి 6 పైసలు అతని కంపెనీ కట్టుకోవాల్సి వచ్చేది. చివరికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలగజేసుకుని మొబైల్‌కి 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌కి 60 అని తేల్చింది. మిస్డ్ కాల్‌ను నవ్వులాటగా చూడనిది బహుశా ఆ కంపెనీలే.

లేమిలోంచి పుట్టినదాన్ని ఇలా అందంగా చెప్పకూడదనే అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. కూలి డబ్బుల కోసం పనివాడిచ్చిన మిస్డ్ కాల్‌ను మేస్త్రీ చూసీ చూడనట్టు వదిలేస్తే అడిగే దిక్కుండేది కాదు. ముక్కూమొహం తెలియనివాళ్లు రాత్రివేళ ఇచ్చే రింగులతో ఆడపిల్లలు పడ్డ హింస వేరే కథ. ఇవాళ గల్ఫ్‌లో ఉన్న తండ్రి రోజూ వీడియోలో బిడ్డ మొహం చూసుకుంటున్నాడంటే కాల్ చౌకవడం వల్లే. దాన్ని వెనక్కి తిప్పాలనే మనిషి ఉంటే వాడికి బుద్ధి లేదు. నా గొడవ చౌకతనం మీద కాదు. కాల్ ఖరీదు పోలేదు, చెయ్యి మారింది. ఒకప్పుడు చేసేవాడి జేబులోంచి పోయేది, ఇప్పుడు ఎత్తేవాడి తీరికలోంచి పోతోంది. డబ్బు పోతుంటే చేసేవాడు ఆలోచించాడు. ఎదుటివాడి తీరిక పోతుంటే ఎందుకు ఆలోచిస్తాడు? నాలుగుసార్లు వరసగా చేసి, ఐదోసారి ఎత్తగానే ‘ఏం లేదు, ఊరికే చేశా’ అనేవాడు చెడ్డవాడేమీ కాదు. అతనికి ఖర్చు కనపడదు, అంతే.

దానికి మెసేజ్ ఉంది కదా, ‘మాట్లాడొచ్చా’ అని అడిగి చేస్తే సరి అంటారు చదువుకున్నవాళ్లు. అలా అడక్కుండా చేసేవాళ్లను మొరటువాళ్ల కింద లెక్కగట్టడం కూడా మొదలైంది. ఇది నాకు బొత్తిగా మింగుడుపడదు. చదవడం, రాయడం వచ్చినవాళ్ల మర్యాద అది. మిస్డ్ కాల్‌కు అక్షరం అక్కర్లేదు. ఆకుపచ్చ మీట, ఎర్ర మీట తెలిస్తే చాలు. నీలం టిక్కులు పడ్డాక జవాబివ్వకపోతే నిష్ఠూరం, రింగుకు ఆ పేచీ లేదు. అక్షరం రాని తల్లి పట్నంలో ఉన్న కొడుకుని ‘తీరిగ్గా ఉన్నావా’ అని అడగడానికి దొరికిన ఒకే దారిని మనం మూసేసి, ఇప్పుడామె వేళాపాళా లేకుండా చేస్తుందని విసుక్కుంటున్నాం.

మరి మళ్లీ అలవాటు చేసుకోవచ్చుగా అంటే, కుదరదు. గుర్తు పనిచేయాలంటే దాని వెనకున్న ఖర్చు ఇద్దరికీ తెలిసుండాలి. ఇవాళ ఒక రింగుతో ఆగిన కాల్‌ను చూసినవాడు చెయ్యి తగిలిందనుకుంటాడు, కొత్త నంబరైతే మోసమనుకుంటాడు. పైగా మిస్డ్ కాల్ ఇప్పుడు ఉత్తపుణ్యానికి రాదు. 2018 చివర్లో కంపెనీలు నెలనెలా కనీసం 35 రూపాయల రీచార్జ్ ఉండాలన్నాయి. తర్వాత ఆ కనీసం పెరుగుతూనే వచ్చింది. వాళ్ల నెలకు 28 రోజులే, అంటే ఏడాదికి పదమూడు నెలలు. నెట్ వాడనివాళ్లకు మాటలకే ప్యాక్ ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో చెప్పాల్సొచ్చింది. బటన్ ఫోన్ వాడే ముసలమ్మ ఒక్క రింగు ఇచ్చి పెట్టేసినా అదే డబ్బు, గంటసేపు మాట్లాడినా అదే డబ్బు. అంత కట్టించుకున్నాక ఒక రింగుతో ఆపమంటే ఆమె మాత్రం ఎందుకు ఆపుతుంది?