మాండలిన్‌పై గమకం: గుడివాడ వేదిక నుంచి ‘రిమెంబర్ శక్తి’ దాకా

మాండలిన్ ఎక్కడో ఇటలీలో పుట్టిన వాద్యమనీ, సినిమా పాటల్లో హుషారు పుట్టించడానికి తప్ప రాగాలాపనకు పనికిరాదనీ చాలామంది విద్వాంసులు తీర్మానించుకొన్న రోజుల్లో, 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో కృష్ణాజిల్లా గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల వేదికపై తొలి కచేరీ చేసి ఆ తీర్మానాన్ని పటాపంచలు చేశారు.

మామూలు మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. జతలోని రెండు తీగలూ ఒకేలా వంగితే తప్ప గమకం, అంటే స్వరాన్ని ఉన్నచోట నిలిపి ఉంచక పక్క స్వరాల అంచులు తాకేలా ఊపడం, శుద్ధంగా పలకదు. పైగా మీటిన నాదం క్షణంలో ఆరిపోతుంది గనుక పాశ్చాత్యులు ఒకే స్వరాన్ని గబగబా పదేపదే మీటుతూ ఆ లోటు కప్పిపుచ్చుతారు. శ్రీనివాస్ జతలు తీసేసి అయిదు ఒంటి తీగలతో విద్యుత్ మాండలిన్ చేపట్టడంతో నాదం నిలిచింది, తీగ వేలికి లొంగింది. తోడి గాంధారాన్ని దాని మెట్టు మీద ఊరకే మీటితే అది తోడి కాదు. రిషభం వైపు నుంచి మధ్యమం అంచు దాకా ఊగుతూ పలికినప్పుడే తోడి అవుతుంది, ఆ ఊపును ఇంత చిన్న వాద్యం మీద అంత నిండుగా పలికించినవారు మరొకరు లేరు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాకపోవడం ఒక విధంగా అదృష్టమే, ఎందుకంటే ఆయన పాడినదాన్ని పాడినట్టే పలికించవలసి రావడం వల్ల శిష్యుని వేళ్లకు గాత్రధర్మం అబ్బింది.

శ్రీనివాస్ పాశ్చాత్య సంగీతకారులతో కలిసిన చోటికి వెళ్లే ముందు ఒక మాట. ఇంగ్లండులో రాక్ బృందాలు నృత్యానికి సరిపోయే చిన్న పాటలు వదిలి, సుదీర్ఘ నిర్మాణాలకూ బేసి తాళాలకూ మళ్లిన ధోరణిని ప్రొగ్రెసివ్ రాక్ అంటారు. అక్కడ ఘనకార్యంగా చెప్పుకొనే అయిదు, ఏడు అక్షరాల లెక్కలు ఖండచాపు, మిశ్రచాపు ఎరిగిన కృష్ణా, గోదావరి డెల్టా శ్రోతకు కొత్తవేమీ కావు. రాక్ అలా మారుతున్న కాలంలోనే జాజ్‌నూ రాక్‌నూ కలిపి 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా స్థాపించిన జాన్ మెక్‌లాఫ్లిన్ తర్వాత ‘శక్తి’ బృందంలో గమకం కోసం మెట్ల మధ్య పలకను గుంటగా చెక్కించిన గిటార్ పట్టారు. ఆ బృందమే ‘రిమెంబర్ శక్తి’గా మళ్లీ రూపుకట్టినప్పుడు, జాకిర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజిరల నడుమ మెక్‌లాఫ్లిన్‌కు దీటుగా నిలిచినవారు శ్రీనివాస్. 2001లో విడుదలైన ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ ఆల్బమ్‌లో బంగాళ రాగంలోని త్యాగరాజ కృతి ‘గిరిరాజసుత’ చోటుచేసుకోవడం తెలుగువారు గొంతెత్తి చెప్పుకోవలసిన సంగతి. శ్రీనివాస్ కొత్త దారి తొక్కారే గాని గమకాన్ని విడిచిపెట్టలేదు.

ఇప్పుడు ఫ్యూజన్ పేరిట చెలామణీ అవుతున్నదేమిటి? కీబోర్డు మీద ఒక మీట జరిపి గమకమనడం, డ్రమ్స్ హోరులో అపస్వరాన్ని దాచడం, వేగాన్ని విద్వత్తుగా అమ్ముకోవడం. శ్రీనివాస్ వేగాన్ని అనుకరించేవారు ఆయన విలంబకాలాన్ని విననేలేదు, వింటే వాద్యం కింద పెట్టి పాఠానికి కూర్చొనేవారు. 1998లో పద్మశ్రీ అందుకొన్న ఆ కళాకారుడు 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే కన్నుమూయగా, 2024లో ‘శక్తి’కి గ్రామీ పురస్కారం ఆయన లేకుండానే వచ్చింది.

గుడివాడ పెద్దలూ విజయవాడ సంగీతసభలవారూ ఏటా ఆయన పేర ఒక మాండలిన్ కచేరీ జరిపించాలి, అందులో ముందు తోడి ఆలాపన, ఆ తర్వాతే డ్రమ్స్ అన్న నియమం కూడా పెట్టాలి.