ఆమె లేదనుకుని చెప్పిన నిజం

గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ కథ ఒక మగవాడు మూసిన తలుపుతో మాట్లాడడంతో మొదలవుతుంది. లోపలినుంచి జవాబు రాదు. ఒక్క నిమిషం ఊరుకుంటాడు. గదిలో గడియారం ఒంటిగంట కొడుతుంది. అర్ధరాత్రి దాటిందనీ, ఈ ఆలస్యం అతనికి కొత్త కాదనీ, పలకాల్సిన మనిషి పలకడం లేదనీ మనకు అర్థమైపోతుంది. గోపాలరావు ఎవరో, ఏం చేస్తాడో రచయిత మనల్ని కూర్చోబెట్టి చెప్పడు. అతని సణుగుడే చెబుతుంది.

ఆ సణుగుడులో తెలిసేది ఇదీ: సానిపాటలు మాన్పించాలనే ఉద్యమంలో ఉన్న పెద్దమనిషి, సానిపాట విని ఇంటికొస్తున్నాడు. 1890లలో మద్రాసులో ఊపందుకున్న యాంటీ నాచ్ ఉద్యమానికి తెలుగునాట కందుకూరి వీరేశలింగం వంటివారు గట్టి అండ. అందులో చేరడం ఆనాటి చదువుకున్న యువకులకు గౌరవం. గోపాలరావు ఆ గౌరవాన్ని వేదికమీద ఉంచుకుని, ఇంట్లో భార్యకు మీటింగుల పేరు చెబుతున్నాడు. గురజాడ అతన్ని దుర్మార్గుడిగా చూపడు. పాటతోపాటు పాడే మనిషిమీదికి కూడా మనసు పోతోందని అతనే తనలో తాను ఒప్పుకుంటాడు. తలుపు బయట నిలబడి తనకు చెప్పుకోగలిగిన ఆ నిజం, తలుపు తీశాక భార్యకు చెప్పగలడా అన్నదే కథ.

గది ఖాళీగా ఉంటుంది. బల్లమీద ఉత్తరం ఉంటుంది. ఇక్కడినుంచి గురజాడ పనితనం చూడాలి. నాలుగైదు పేజీల కథలో మూడు తెలుగులు నడుస్తాయి. గోపాలరావుది చదువుకున్నవాడి వాడుక భాష. నౌకరు రాముడిది ఉత్తరాంధ్ర పల్లె పలుకు. ‘ఏటి’, ‘బాబూ’ అంటూ సాగే ఆ యాస ఇవాళ్టికీ మా పరవాడ వీధుల్లో చెవిన పడుతూనే ఉంటుంది. భార్య కమలిని ఉత్తరం మాత్రం గ్రాంథికం. వాడుక భాషకోసం 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించిన రచయిత, తన కథానాయిక చేతికి ఏరికోరి గ్రాంథికం ఇచ్చాడు. ఎందుకు? భర్తతో రోజూ మాట్లాడే భాషలో రాసి ఉంటే అది తగువయ్యేది. గ్రాంథికంలో రాసేసరికి అది దూరమైంది. ఒక్క నిష్ఠూరపు మాట లేదు. మీరు అబద్ధాలు ఆడాల్సి వస్తున్నది నేనింట్లో ఉండబట్టే కనుక, పుట్టింటికి వెళ్ళి మీ దారి సుగమం చేస్తానంటుంది. ఆ మర్యాద తగిలినంతగా తిట్టు తగలదు.

ఆ ఉత్తరం మొదలే గోపాలరావును నిలువునా కోస్తుంది. ‘ప్రియా’ అని ఉండాల్సిన చోట ‘అయ్యా’ ఉంది. ఆ మార్పు చూసి అతను పైకి వాపోతే, రాముడు పెయ్యదూడ తప్పిపోయిందనుకుంటాడు. అంతకు ముందు అమ్మ ఏదని అడిగినప్పుడూ అంతే, ఎవరి సంగతి అడుగుతున్నాడో విడమర్చి చెప్పాల్సి వచ్చింది. ఇవి నవ్వించడానికి పెట్టిన మాటలని చదివి దాటేస్తాం. నిజానికి కథంతా ఈ తప్పు వినికిడిమీదే కట్టి ఉంది. భర్త మాట భార్యకు అబద్ధంగా చేరింది. అసలు సంగతి స్నేహితురాళ్ళ నోట వినాల్సి వచ్చింది. ఆమె జవాబు కాగితంమీద వచ్చింది. ఇప్పుడతని పశ్చాత్తాపం రాముడి నోట ఆమె పుట్టింటికి, చంద్రవరానికి, వెళ్ళాలి. ఎదురెదురుగా కూర్చుని ఒక్క మాట అనుకుంటే పోయేదానికి ఇన్ని చేతులు మారాయి.

రాయబారం అప్పజెప్పే ఘట్టం నాకు అన్నిటికన్నా ఇష్టం. ఆడవాళ్ళు చదువుకుంటే ఇంతేనన్నట్టు రాముడు అంటాడు. వెంటనే గోపాలరావు విద్యావతి అయిన స్త్రీ గొప్పతనం గురించి ఎత్తుకుంటాడు. శివుడు పార్వతికి సగం దేహం ఇచ్చిన సంగతి, ఇంగ్లీషువాళ్ళు భార్యను ఏమంటారన్న సంగతి, అన్నీ వస్తాయి. నిద్ర చెడిన నౌకరు ముందు ఇదంతా ఉపన్యాసమే. పశ్చాత్తాపంలో కూడా వేదిక దిగలేని మనిషిని అంత దగ్గరగా చూసి, అంత ప్రేమగా రాయడం గురజాడకే చెల్లింది. అయితే ఆ ఉపన్యాసం మధ్య నిజమైన బాధ ఉంది. ఆమె ఎదుట లేదనుకున్నాడు కనుకే బయటికొచ్చింది.

కానీ ఆమె అక్కడే ఉంది. చివర్లో మంచం కిందినుంచి నవ్వు, గాజుల చప్పుడు. కథ మొత్తంలో కమలిని పెదవి విప్పి ఒక్క మాట కూడా అనదు. రాసింది, విన్నది, నవ్వింది. ఇంకొక సంగతి గమనించండి: అబద్ధాన్ని తప్పుపట్టిన ఆ ఉత్తరం కూడా అబద్ధమే, వెళ్ళిపోతున్నానని రాసిన మనిషి వెళ్ళలేదు. గురజాడ ఆమెను పటంలో పెట్టిన పతివ్రతను చేయలేదు. భర్త కట్టుకథకు తనదైన కట్టుకథతో సమాధానం చెప్పగల తెలివి ఇచ్చాడు.

1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయిన దీన్ని చాలాకాలం తొలి తెలుగు కథానిక అన్నారు. అంతకు ముందే, 1902లో, భండారు అచ్చమాంబ కథలు వచ్చాయి. ఏది తొలి కథ అన్న చర్చ న్యాయమైనదే. అచ్చమాంబ ‘స్త్రీవిద్య’ మొత్తం భార్యాభర్తల సంభాషణే. చదువు నేర్చుకోమని అందులో భర్త భార్యకు నచ్చజెబుతాడు. ‘దిద్దుబాటు’లో ఆ చదువు నేర్చిన చెయ్యి ఉత్తరం రాసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

గురజాడ 1862లో పుట్టిన ఎస్. రాయవరం, మా పరవాడ ఇప్పుడు ఒకే అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. ఇక్కడి ఫార్మాసిటీ షిఫ్టులకు వెళ్ళే పిల్లలు పెళ్ళిమాటలకు ముందే ఒకరినొకరు తెలుసుకునే రోజులివి. ఏమైందని అబ్బాయి అడుగుతాడు, ఏం లేదని అమ్మాయి అంటుంది, నిజంగానే ఏం లేదనుకుని అతను ఫోను పక్కన పెడతాడు. కొందరు దీన్ని ఆడ మగ స్వభావాల తేడాగా తేల్చేస్తారు. గురజాడ అలా చూడలేదు. కమలిని మాట అర్థంకాక కాదు గోపాలరావుకు చిక్కొచ్చింది. మంచివాడిగా కనిపించాలన్న కోరిక అతని నోరు కట్టేసింది.

ఇక రాముడు. అమ్మగారు మంచం కింద ఉన్న సంగతి అతనికి ముందే తెలుసా? గురజాడ చెప్పలేదు. తెలుసనే నా నమ్మకం. అలా అనుకుని మళ్ళీ చదివితే, ఆ రెండు తప్పు వినికిళ్ళూ బాబుగారిచేత గట్టిగా, విడమర్చి మాట్లాడించడానికే అనిపిస్తాయి.