షుల్జ్‌లందరూ చుట్టాలు కారు

ఈ వారం ఒక పిల్లల పత్రిక క్విజ్ పేజీలో, షుల్జ్ ఇంటిపేరున్న ప్రముఖులందరినీ ఒకే పెట్టెలో పేర్చి, పైన ‘ఘనమైన వంశం’ అని శీర్షిక పెట్టారు. వంశం ఎక్కడిది?

పూర్వం జర్మన్ పల్లెల్లో పన్నులు వసూలు చేసి, తగవులు తీర్చే ఊరి పెద్ద హోదా నుంచి వచ్చిన పేరది. ఊరూరా అలాంటి పెద్ద ఉండేవాడు కనుక, ఒకరికొకరు ఏమీ కాని ఎన్నో కుటుంబాలకు అదే ఇంటిపేరైంది. కరణం అని ఇంటిపేరున్నవాళ్లంతా 2000లో సిడ్నీ ఒలింపిక్స్ పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరికి బంధువులా? ఇంటిపేరు అడిగి మనిషిని తూచే అలవాటుతో ఈ కాలమ్‌కు ఉన్న పేచీ పాఠకులకు కొత్తది కాదు.

చార్లెస్ షుల్జ్‌నే చూడండి. మంగలి షాపు నడుపుకునే తండ్రికి 1922లో పుట్టాడు. 1950 అక్టోబరు 2న ఏడు పత్రికల్లో ఆయన కార్టూన్ స్ట్రిప్పు ‘పీనట్స్’ మొదలైంది. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లలో 17,897 స్ట్రిప్పులు. బొమ్మలకు గానీ, మాటలు రాయడానికి గానీ సహాయకుణ్ణి పెట్టుకోలేదు. పెద్దతనంలో చెయ్యి వణికి గీత వంకర్లు పోయినా కలం ఇంకొకరికి ఇవ్వలేదు. ఆఖరి ఆదివారం స్ట్రిప్పు 2000 ఫిబ్రవరి 13న అచ్చయింది. ముందు రాత్రే ఆయన పోయాడు. ఆ గీత ఆయన మణికట్టుది. తాతముత్తాతలది కాదు.

పోలిష్ కథకుడు బ్రూనో షుల్జ్ ద్రోహోబిచ్ ఊళ్లో డ్రాయింగు మాస్టారు. యూదుడు. 1942లో గెస్టపో అధికారి నడివీధిలో కాల్చి చంపాడు. జర్మన్ ఇంటిపేరు ఆయనకు ఏ రక్షణా ఇవ్వలేదు. ఆ పేరు మీద ‘వంశం’ అని రాయడం అన్యాయం.

పేద రైతు తెలివితక్కువవాడు కాడని 1964లో పుస్తకం రాసి వాదించిన ఆర్థికవేత్త థియోడర్ షుల్జ్, 1979 నోబెల్ గ్రహీత, దక్షిణ డకోటా పొలంలో పెరిగినవాడు. ఆయనకు గొప్ప తెచ్చిందీ వంశం కాదు.

అయితే ఆ పెట్టెను చింపెయ్యాలా? చింపకూడదు. అట్టడుగున, ఒకే ఒక్క వాక్యంలో బెంజమిన్ షుల్జ్ ఉన్నాడు. 1719లో తరంగంబాడికి వచ్చి, తర్వాత మద్రాసు చేరి, తెలుగు నేర్చి, 1728లో తెలుగు వ్యాకరణం రాసిన మతబోధకుడు. స్వదేశం జర్మనీ వెళ్లాక 1746 ప్రాంతంలో హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలిసినంతలో మన తొలి అచ్చు పుస్తకాలవే. ‘పీనట్స్’లోని కుక్క స్నూపీ కోసం వెతికే పిల్లకు ఈయన ఇంకెక్కడ తగులుతాడు? ఇంటిపేర్ల పట్టిక చేసే ఈ మేలును ఈ కాలమ్ ఇన్నాళ్లూ లెక్కలోకి తీసుకోలేదు.

శీర్షిక మార్చి పట్టిక ఉంచాలి. బెంజమిన్‌కు రెండో వాక్యం కూడా ఇవ్వాలి: ఆ వ్యాకరణం రెండు వందల ఏళ్లకు పైగా రాతప్రతిగానే ఉండిపోయింది.