ఎవరి గతంలోకి ప్రయాణం?

కాలప్రయాణం అనగానే మనకు గుర్తొచ్చేది 1991 నాటి 'ఆదిత్య 369'. ప్రాణగండాలు ఎన్ని వచ్చినా కథానాయకుడికి రాయలవారి సభలో చోటుంది. టీవీలో వస్తే మేము ఇప్పటికీ చూస్తాం.

ఆక్టేవియా బట్లర్ 1979లో రాసిన 'కిండ్రెడ్' నవల చదివాక మాత్రం ఆ సరదా తగ్గింది. ఇందులో యంత్రం లేదు. 1976లో కాలిఫోర్నియాలో కొత్త ఇల్లు సర్దుకుంటున్న నల్లజాతి రచయిత్రి డేనా కళ్ళు తిరిగి, బానిసత్వం నాటి మేరీలాండ్‌లో తేలుతుంది. తోట యజమాని కొడుకు రూఫస్ ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా ఆమె అక్కడికి వెళ్ళిపోతుంది. తాను చచ్చిపోతానని భయపడితేనే తిరిగొస్తుంది. రూఫస్ ఆమెకు పూర్వీకుడు. అతన్ని చావనిస్తే ఆమె వంశమే ఉండదు. బతికిస్తే ఆలిస్ అనే స్త్రీని అతని చేతుల్లో పెట్టినట్టే. ఈ ముడిని బట్లర్ ఎక్కడా తేలిక చేయలేదు. అయితే అంతా డేనా కళ్ళతోనే నడవడం వల్ల ఆలిస్ గొంతు మాకు చాలినంత వినపడలేదు.

వెంట వెళ్ళిన తెల్లజాతి భర్త కెవిన్ అక్కడ అతిథి. ఆమె మాత్రం పనిమనిషి. ఇరవయ్యో శతాబ్దపు చదువు ఆమెను కాపాడలేదు. బానిస పిల్లవాడికి చదువు చెబుతూ దొరికినందుకు కొరడా దెబ్బలు తింది.

మేమూ లెక్క వేసుకున్నాం. మమ్మల్ని 1920ల మన్యంలో పడేస్తే? రోడ్డు పనికి వెట్టికి తోలుకుపోయేవాడు మా డిగ్రీ అడుగుతాడా?

చివరి ప్రయాణంలో డేనా ఎడమచేయి పోతుంది. ఆ సంగతి బట్లర్ మొదటి పేజీలోనే చెప్పేశారు.