చేయి చాస్తే అందే దూరంలో చిట్టెలుక

వీఆర్ హెడ్‌సెట్‌తో అడ్వెంచర్ గేమ్ అనగానే చాలామంది ఊహించుకునేది ఒకటే. అడవిలో మనమే నడుస్తాం, కొండ మనమే ఎక్కుతాం, గుహలో మనమే దూరతాం. వినడానికి బాగానే ఉంటుంది. ఆడుతుంటే మాత్రం చాలామందికి కాసేపట్లోనే కడుపులో తిప్పడం మొదలవుతుంది. కళ్లేమో పరిగెడుతున్నాం అంటాయి, లోచెవిలో ఒంటి తూకం చూసుకునే భాగమేమో కుర్చీలోంచి కదల్లేదు పొమ్మంటుంది. ఈ తగాదాలో నలిగేది పొట్ట. దాంతో వీఆర్‌కీ అడ్వెంచర్‌కీ పొసగదని తేల్చేసినవాళ్లున్నారు. అలాంటివాళ్లకి నేను చూపించే గేమ్ 'మాస్'.

అమెరికాలో సియాటిల్‌కి చెందిన పాలీఆర్క్ అనే చిన్న సంస్థ దీన్ని 2018 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ వీఆర్ మీద విడుదల చేసింది. సంస్థ పెట్టినవాళ్లు అంతకుముందు బంగీలో పనిచేసినవాళ్లు. 'హేలో', 'డెస్టినీ' వంటి భారీ గేములు పుట్టిన చోటు అది. అంతంత లోకాలు కట్టిన చోటునుంచి వచ్చినవాళ్లు, వీఆర్ దగ్గరికొచ్చేసరికి అరచేతిలో పట్టేంత చిట్టెలుకని నాయికగా ఎంచుకున్నారు. పనితనం ఆ ఎంపికతోనే మొదలైందని నా అభిప్రాయం.

కథ మామూలుదే. క్విల్ అనే ఆ చిట్టెలుకకి అడవిలో ఒక మహిమగల గాజు వస్తువు దొరుకుతుంది. మావయ్య ఆర్గస్ ఆపదలో పడతాడు. సర్ఫాగ్ అనే పాము చెరలో రాజ్యం ఉంటుంది. ఇందులో మన పాత్ర మాత్రం మామూలుది కాదు. మనం క్విల్ కాదు. గ్రంథాలయంలో కూర్చుని ఆమె కథ తెరిచిన పాఠకులం. పేజీ తిప్పితే కళ్లముందు అడవి లేస్తుంది, అందులో క్విల్ తిరుగుతూ ఉంటుంది. నీళ్లలోకి వంగి చూస్తే మన నీడా కనిపిస్తుంది: ముసుగు తొడుక్కున్న ఓ పెద్ద ఆకారం. అంటే మనం చూసేవాళ్లం మాత్రమే కాదు, ఆ అడవిలో మనకీ ఒక ఒడ్డూ పొడుగూ ఉన్నాయి.

ఇక దూరం సంగతి. కుడికన్ను చూసేదానికీ ఎడమకన్ను చూసేదానికీ ఉన్న తేడాని బట్టి మనకి లోతు తెలుస్తుంది. మూరెడు దూరంలో ఉన్న వస్తువు విషయంలో ఆ తేడా బాగా ఎక్కువ, ఊరవతలి కొండ విషయంలో దాదాపు లేనట్టే. హెడ్‌సెట్ ఇచ్చే వరం ఈ లోతే కనక, దాని ఫలం దగ్గరి వస్తువులకే ఎక్కువ దక్కుతుంది. పైగా ఆనాటి ప్లేస్టేషన్ వీఆర్‌లో ఒక్కో కంటి వంతుకి వచ్చేది 960 × 1080 చుక్కలు. వాటినే దాదాపు 100 డిగ్రీల మేర పరచాలి. లెక్కేస్తే అడ్డంగా డిగ్రీకి పది చుక్కలు కూడా రావు. కొండమీద కోట ఎంత ముచ్చటగా చెక్కినా అలుక్కుపోతుంది. అలాగని వస్తువుని ముక్కు దగ్గరికి తెచ్చినా కుదరదు. హెడ్‌సెట్ లెన్సులు ఫోకస్‌ని ఒకే దూరంలో కట్టేస్తాయి. దగ్గరి వస్తువు కోసం కనుగుడ్లు లోపలికి తిరిగినా ఫోకస్ మాత్రం రాదు, కళ్లు లాగేస్తాయి. మరీ దగ్గరా కాక, మరీ దూరమూ కాక మధ్యలో మిగిలేది చేయి చాస్తే అందేంత జాగా. 'మాస్' ఆటంతా ఇంచుమించు అక్కడే నడుస్తుంది.

ప్రతి ఘట్టాన్నీ బొమ్మల కొలువులా పేర్చారు. మెట్లు, పాకుడుపట్టిన రాళ్లు, విరిగిన గోడలు, అన్నీ మన ముందే. మనం కూర్చున్నచోటే ఉంటాం, క్విల్ తిరుగుతుంది. ఆమె అంచు దాటితే దృశ్యం మారుతుంది తప్ప కెమెరా మనల్ని లాక్కుని పోదు. లోచెవికి ఫిర్యాదు చేసే అవకాశమే ఇవ్వరు. మామూలు గేములో గోడ వెనకాల ఏముందో చూడాలంటే స్టిక్ తిప్పాలి. ఇక్కడ మెడ చాపితే చాలు. దాచిపెట్టిన కాగితపు చుట్టలు కొన్ని అలా పక్కకి వంగితేనే కనిపించే మూలల్లో ఉంటాయి. అడ్వెంచర్ గేమ్‌కి ప్రాణం వెతుకులాట. ఆ పనిని బటన్ల మీదనుంచి మన వెన్నెముక మీదకి మార్చేశారు.

చేతుల విషయంలో వేసిన ఎత్తు ఇంకా చక్కనిది. ప్లేస్టేషన్ కంట్రోలర్ ఒక్కటే. ఎడమ బొటనవేలితో స్టిక్ తోస్తే క్విల్ నడుస్తుంది. అదే కంట్రోలర్‌ని గాల్లో కదిపితే, దాని ముందున్న వెలుగుపట్టీని టీవీ దగ్గరి కెమెరా కనిపెట్టి, మన చేతికి బదులుగా ఒక వెలుగుగోళాన్ని కదుపుతుంది. దాంతో బండలు జరపొచ్చు, శత్రువులైన మరపురుగుల్ని పట్టుకోవచ్చు. ఒక మరపురుగుని లాక్కొచ్చి నేలమీటమీద అదిమిపెట్టి, తలుపు తెరుచుకోగానే క్విల్‌ని పరిగెత్తించాలి. వేలు ఒక పనిలో, మోచేయి ఇంకో పనిలో. మొదట్లో తడబాటు తప్పదు. అలవాటయ్యాక మాత్రం ఇద్దరు కలిసి పనిచేస్తున్నట్టే ఉంటుంది. క్విల్‌కి దెబ్బ తగిలితే ఆ గోళంతోనే తాకి నయం చెయ్యాలి. ఇతర గేముల్లో మందుసీసా తాగితే అయిపోయే పని ఇక్కడ నిమరడం అయింది.

క్విల్ కదలికలు చూడాలి. యానిమేషన్ డైరెక్టర్ రిచర్డ్ లీకో. చెవులూ తోకా కలిసి ఒక మాట చెబుతాయి. ఆమె మనకేసి చూసినప్పుడు చూపు ఎటో ఆకాశంలోకి పోదు, మన తల నిజంగా ఎక్కడుందో అక్కడికే వస్తుంది. చిక్కుముడి విప్పాక చేయెత్తి మన చేతికోసం ఆగుతుంది, గోళం ఆనిస్తే చప్పట్లు చరుస్తుంది. మనం ఏం చెయ్యాలో తోచక ఉంటే సైగలతో చెబుతుంది. ఆమె చేసే సైగలు అమెరికన్ సంకేత భాషవి. మాటలు లేని పాత్ర అని సరిపెట్టకుండా నిజమైన భాషనే ఇవ్వడం వీళ్ల పట్టింపుకి రుజువు. కథ చెప్పే గొంతు కూడా ఒక్కటే, పాత్రలన్నిటికీ ఆ గొంతే పలుకుతుంది. హెడ్‌సెట్‌లో పొడవాటి పాఠ్యం చదవడం కళ్లకి శిక్ష కాబట్టి, చెవికి అప్పజెప్పడం తెలివైన పనే.

లోపాలు లేవా? ఉన్నాయి. పజిల్స్ తేలిక. ఈ బండ జరుపు, ఆ మీట నొక్కు. కత్తియుద్ధాలు సగం దాటాక వచ్చినవే మళ్లీ వస్తాయి. ఒక సాయంత్రం కూర్చుంటే ముగింపు కనపడుతుంది. పాత తరం అడ్వెంచర్ ఆటగాళ్లకి ఇది ఆనదు. 1993 నాటి 'మిస్ట్' పెట్టెలో ఖాళీ నోటుపుస్తకం కూడా పెట్టి ఇచ్చేవాళ్లు. ఒక దీవిలో చూసిన గుర్తుని రాసుకుని, గంటల తర్వాత ఇంకోచోట వాడాల్సిన ఆట అది. అదే 'మిస్ట్'ని సయాన్ సంస్థ 2020 డిసెంబరులో ఆక్యులస్ క్వెస్ట్ హెడ్‌సెట్‌కి కొత్తగా కట్టింది. మీటని సొంత చేత్తో కిందికి లాగడంలో ఉన్న తృప్తి మౌస్ క్లిక్‌లో లేదు, ఒప్పుకుంటాను. కానీ మొహానికి హెడ్‌సెట్ ఉండగా బల్లమీది కాగితం ఎలా కనిపిస్తుంది? ప్రతి గుర్తుకీ హెడ్‌సెట్ పైకెత్తాలి, రాయాలి, మళ్లీ దించాలి.

'మాస్' ఆ ఇబ్బందిని సులువుగా దాటేసింది. ఏ చిక్కుముడికైనా సామగ్రి అంతా ఆ ఘట్టంలోనే, కళ్లముందే ఉంటుంది, గుర్తుపెట్టుకోవాల్సిందేమీ లేదు. పజిల్స్ తేలికైపోవడానికి కూడా కారణం అదే. రెండూ ఒకే నిర్ణయం పిల్లలు. 2022లో రెండో భాగం వచ్చాక కూడా క్విల్ మన ముందు అదే దూరంలో ఉంది. హెడ్‌సెట్ ఎక్కడ బలమో వాళ్లు అక్కడే ఆట కట్టారు, బలహీనమైన చోట మొండికెయ్యలేదు.

ఆడదలిస్తే గది ఖాళీ చెయ్యనక్కర్లేదు, చక్రాలు లేని కుర్చీ ఒకటి చాలు. గోడ వెనక్కి తొంగిచూసే ఉత్సాహంలో ముందుకి బాగా వంగుతారు, కాఫీ కప్పు మాత్రం దగ్గర్లో పెట్టుకోకండి.