మూడో రోజుకు ఆగని మనిషి

నిజామాబాద్ జిల్లాలో పసుపు పండించే కమ్మర్‌పల్లి వైపు ఊళ్లలో కూడా సువార్త సభలకు ఫ్లెక్సీలు కట్టడం మామూలైపోయింది. వక్తల పేర్ల ముందు పాస్టర్, బిషప్ అని ఉన్నట్టే ఇప్పుడు కొన్నిచోట్ల అపొస్తలుడు అని కూడా వేస్తున్నారు. అభిమానంతో వేసేదే, కాదనను. కాకపోతే ఆ పేరును మొదట మోసినవాళ్లు ఎలా బతికారో తెలుసుకుంటే అదెంత బరువైన మాటో తెలుస్తుంది.

యేసు పంపగా ఊరూరా తిరిగి, ఆయన తిరిగి లేచాడని కళ్లారా చూసిన సంగతిగా చెప్పినవాళ్లు అపొస్తలులు. సొంత మాట చెప్పడానికి వాళ్లకు హక్కు లేదు, పంపినవాడి మాటే చెప్పాలి. మరి ముక్కూమొహం తెలియని మనిషి గడప ముందు నిలబడి ‘నన్ను ప్రభువు పంపాడు’ అంటే ఇంటివాళ్లు నమ్మేదెట్లా? ఈ ప్రశ్నకు తొలి సంఘాలు వెతుక్కున్న జవాబు డిడాకే అనే చిన్న పుస్తకంలో ఉంది. మొదటి శతాబ్దం చివరనో రెండో శతాబ్దం మొదట్లోనో రాసి ఉంటారని చాలామంది పండితుల అంచనా. శతాబ్దాల పాటు పుస్తకం కంటికి కనబడకుండా పోయింది. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లోని ఒక గ్రంథాలయంలో ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ అనే గ్రీకు మతాచార్యుడికి దాని రాతప్రతి దొరికింది. 1883లో ఆయనే అచ్చు వేయించాడు.

అందులో అపొస్తలుల గురించి చెప్పింది కొద్ది వాక్యాలే. వచ్చిన అపొస్తలుణ్ని ప్రభువును చేర్చుకున్నట్టే చేర్చుకోవాలి. అతను ఒక్క రోజు ఉండాలి, తప్పనిసరైతే రెండో రోజు. మూడో రోజూ ఉన్నాడంటే అతను అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు మళ్లీ బస దొరికేదాకా సరిపడే రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు. డబ్బు అడిగాడో, అప్పుడూ అబద్ధ ప్రవక్తే. ఇందులో నాకు బాగా నచ్చేది పరీక్ష పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది. వేదాంతం చదివిన పెద్దలు సభ తీరి తేల్చాల్సిన పని లేదు. పొయ్యి దగ్గర రొట్టె కాల్చే ఇల్లాలు చాలు. వచ్చినవాడు ఎన్నాళ్లున్నాడో, పోతూ ఏం పట్టుకెళ్లాడో ఆమెకు తెలియకుండా పోదు కదా. మన పసుపు మార్కెట్‌లో కొమ్మును విరిచి లోపలి రంగు చూసినట్టు, మాటల పైతొక్క తీసి మనిషిని చూసే పద్ధతి ఇది.

అయితే పరీక్షలన్నీ ఇంత తేలిక కాదు. యేసు ఎంచుకున్న పన్నెండు మంది అపొస్తలుల్లో యూదా ఇస్కరియోతు పోయాక, ఆ ఖాళీలోకి ఎవరిని తీసుకోవాలో అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయం చెబుతుంది. యోహాను బాప్తిస్మం ఇచ్చిన నాటి నుంచి యేసు ఆరోహణం దాకా వెంట తిరిగినవాడై ఉండాలి, పునరుత్థానానికి సాక్షి కావాలి. అలాంటివాళ్లు ఇద్దరు తేలితే చీటీలు వేశారు, మత్తీయ పేరు వచ్చింది. ఈ కొలత పెడితే, తానూ అపొస్తలుణ్నే అన్న పౌలు నిలవడు. యేసు వెంట ఒక్క రోజూ తిరగలేదు, పైగా సంఘాన్ని హింసించినవాడు. కొరింథులో కొందరు సిఫారసు ఉత్తరాలు పట్టుకొచ్చి అతని అధికారాన్నే ప్రశ్నించారు. పౌలు చెప్పిన జవాబులు రెండు. లేచిన ప్రభువును నేనూ చూశాను అన్నాడు. తర్వాత కొరింథువాళ్లనే చూపించి నా ఉత్తరం మీరే, నా ముద్ర మీరే అన్నాడు. తాను నిలబెట్టిన సంఘాన్నే ఎదుటివాళ్ల ముందు సాక్ష్యంగా పెట్టాడన్నమాట.

డబ్బు దగ్గర పౌలు ఇంకా పట్టుదల మనిషి. సువార్త చెప్పేవాడు సువార్త మీదే బతకవచ్చని, మిగతా అపొస్తలులు భార్యలను వెంటబెట్టుకుని తిరుగుతున్నారని, తనకూ ఆ హక్కు ఉందని కొరింథువాళ్లకు గట్టిగానే రాశాడు. అంతా రాసి, ఆ హక్కు వాడుకోనన్నాడు. అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలతో కలిసి డేరాలు కుట్టి బతికాడు. ఫిలిప్పీవాళ్లు పంపిన సాయం మాత్రం కాదనలేదు. దాన్ని మోసుకొచ్చిన ఎపఫ్రొదితును కూడా ఆ సంఘం అపొస్తలుడనే అన్నాడు. క్రీస్తు పంపినవాడికీ, సంఘం పంపిన దూతకూ అదే పేరు. యెరూషలేములోని పేదలకు చందా పోగు చేసినప్పుడు సొమ్ము తన చేతిలోనే ఉంచుకోలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట పెట్టుకున్నాడు. ఈ జాగ్రత్తను మన సంఘాల లెక్కల పుస్తకాల్లోనూ చూడాలని నా కోరిక.

మన జిల్లా విషయానికొస్తే, ఇలా పంపగా వచ్చిన మనిషి డాక్టర్ ఇసబెల్ కెర్. 1907లో భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. నిజామాబాద్ ప్రాంతంలో కుష్ఠురోగులను ఊరి బయటికి నెట్టేసిన తీరు చూసి వైద్యానికి పూనుకుంది. నిజామాబాద్ దాత రాజా నర్సాగౌడ్ విరాళం తోడైంది. 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి మొదలైంది. రోగులను తాకి చూడాలి, హిడ్నోకార్పస్ నూనె సూదులు వేయాలి. అలాంటి చోట పంపినవాళ్ల పేరు నిలబెట్టడమంటే రోజూ చేతులతో చేసే పని.

జిల్లా దాటి చూస్తే, పాత అపొస్తలుల తీరు నాకు బాగా కనిపించేది వేదనాయకం శామ్యూల్ అజరయ్యలో. ఆయన్ను తెలుగు నేలకు పంపింది లండన్ కాదు, తిరునల్వేలి. అక్కడి తమిళ క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. 1909లో ఆయన ఆ సొసైటీ తరఫున నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చాడు, తెలుగు నేర్చుకున్నాడు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీల మొహం మీదే, మీ త్యాగాలు చాలానే చూశాం, మాకు స్నేహితులు కూడా కావాలి అన్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందాడు. పదవి వచ్చాక కూడా ఆయన దారి ఊళ్లవైపే సాగింది. బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరూ పంపబడినవాళ్లేనని ఆయన నమ్మకం. కూడికల్లో జనాన్ని తమ చేయి తామే తలమీద పెట్టుకోమనేవాడు, బాప్తిస్మం రోజు అయ్యగారు పెట్టినట్టు. నేను బాప్తిస్మం పొందాను, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పౌలు మాటను వాళ్లచేతే అనిపించేవాడు. అలా అన్నవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగ వాడల్లోని కూలీ జనమే. ఆ రోజు కూలి పని ముగించుకుని, మర్నాడు పక్క ఊరి వాడకు నడిచి వెళ్లి ఆ మాట చెప్పింది వాళ్లే.