శిథిలాలను గీసే కుంచెలు

1654 అక్టోబరు 12 ఉదయం నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో మందుగుండు గిడ్డంగి పేలింది. ఒకప్పటి కన్యాస్త్రీల మఠంలో దాచిన తుపాకీమందు సుమారు 30 టన్నులు. దాని బాధ్యుడు కార్నెలిస్ సూటెన్స్ తనిఖీకని లోపలికి వెళ్లాక ఈ ఘోరం జరిగింది. ఒక పేట మొత్తం నేలమట్టమైంది, వందమందికి పైగా పోయారు. ఆ రోజు చాలామంది స్కీడామ్ సంతకో, హేగ్ జాతరకో వెళ్లి ఉండబట్టి బతికిపోయారు.

ఆ ఊళ్లోనే ఉన్న చిత్రకారుడు ఎగ్‌బర్ట్ వాన్ డెర్ పూల్. పేలుడు జరిగిన రెండు రోజులకు డెల్ఫ్ట్‌లో ఆయన బిడ్డను పూడ్చిపెట్టారు. తర్వాత ఆయన రోటర్‌డామ్‌కు మారిపోయాడు గానీ ఆ దృశ్యాన్ని వదల్లేదు. దాదాపు 20 సార్లు గీశాడు. ఏ ఏడు గీసినా బొమ్మ మీద వేసింది మాత్రం ఆ అక్టోబరు 12 తేదీనే.

డచ్ విపత్తు చిత్రాలకు చేత్తో వేసే నకళ్లను తక్కువ చేసి మాట్లాడేవాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. ఈ చిత్రాల విషయంలో మళ్లీ మళ్లీ గీయడం తర్వాతి కాలపు వ్యాపారంగా పుట్టింది కాదు, మూల చిత్రకారుడి చేతిలోనే మొదలైంది. ఆనాటి డచ్ స్టూడియోల్లో శిష్యుడికి తొలి చదువు కూడా గురువు బొమ్మకు నకలు తీయడమే.

లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న పూల్ చిత్రం ఓక్ పలక మీద వేసినది. వెడల్పు అర మీటరు కూడా ఉండదు. అంత చిన్న పలకలో ఓ పట్టణం సగం కూలి కనిపిస్తుంది. రెండు పెద్ద చర్చిలు నిలిచే ఉన్నాయి, చెట్లకు ఆకుల్లేవు, ముందు భాగంలో మనుషులు ఒకరికొకరు సాయం చేసుకుంటున్నారు. దీనికి నకలు వేసే మనిషి ముందుగా పలకకు సుద్ద, జిగురు కలిపిన పూత పట్టించి, ఆరాక అరగదీసి నున్నగా చేస్తాడు. దానిపై పలుచటి గోధుమరంగు పొర. మూలాన్ని గడులుగా విభజించి గీతలు దించుకున్నాక ముదురు గోధుమ, నలుపు రంగులతోనే నీడలన్నీ వేసుకుంటాడు. అసలు రంగులు ఆ తర్వాతే వస్తాయి.

కష్టమంతా రాళ్ల గుట్టల దగ్గర. ఒక్కో ఇటుకనూ గీస్తూ కూర్చుంటే శిథిలం కాస్తా పేర్చిన గోడలా తయారవుతుంది. అందుకే నీడను పలుచగా, పారదర్శకంగా వదిలేసి, వెలుగు తగిలే అంచుల మీద మాత్రం చిక్కటి రంగును చిన్న కుంచెతో అద్దుతారు. ఆ అద్దకాలు పలక మీద కాస్త ఉబ్బి నిలబడి గదిలోని వెలుతురును పట్టుకుంటాయి. కాగితం మీద ప్రింటు ఎంత స్పష్టంగా ఉన్నా ఆ ఎత్తుపల్లాలు దానికి ఉండవు. ఆకాశానికి పద్ధతి వేరు. తడి ఆరకముందే రంగులను ఒకదానిలోకి ఒకటి మెత్తగా కలపాలి. ఒక్కో పొర ఆరడానికి రోజులు పడుతుంది కాబట్టి ఇది తొందరపడితే కుదిరే పని కాదు.

రంగుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. 17వ శతాబ్దపు చిత్రకారులు వాడిన సీసం, తగరం కలిసిన పసుపు 1750 ప్రాంతానికి వాడుకలోంచి పోయింది. 1941లో గానీ అదేమిటో మళ్లీ తెలియలేదు. కోబాల్టు గాజును పొడి చేసి వాడిన స్మాల్ట్ అనే నీలం చాలా చిత్రాల్లో బూడిద రంగుకు తిరిగిపోయింది. మరి నకలు వేసేవాడు ఇప్పుడు కనిపిస్తున్న బూడిదను వేయాలా, ఒకప్పటి నీలాన్ని వేయాలా? రెండింటికీ సమర్థకులున్నారు. ఇప్పటి రూపాన్నే వేయడం నిజాయితీ అనిపిస్తుంది. పాత రంగును ఊహించి వేస్తే ఆ మాట పలక వెనక రాసి తీరాలి. నకలు కొనేవాళ్లు చూడవలసింది కూడా అక్కడే: వేసిన మనిషి పేరు, సంవత్సరం వెనక ఉన్నాయా లేదా. లూవ్ర్ మ్యూజియంలో మూల చిత్రాల ముందు కూర్చుని నకళ్లు వేసుకునేవాళ్లకు ఇంకా గట్టి నియమమే ఉంది. నకలు కొలత అసలు కొలతతో సమానంగా ఉండకూడదు.

డెల్ఫ్ట్ ఒక్కటే కాదు. 1421 నాటి సెయింట్ ఎలిజబెత్ వరదను సుమారు 70 ఏళ్ల తర్వాత పేరు తెలియని చిత్రకారుడొకరు డోర్‌డ్రెక్ట్ చర్చి కోసం పలకల మీద వేశాడు. 1651లో ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర సెయింట్ ఆంథోనీ కరకట్ట తెగితే యాన్ ఆసెలైన్ ఆ నీళ్ల ఉరవడిని పట్టుకున్నాడు. మరుసటి ఏడు జులై 7న ఆమ్‌స్టర్‌డామ్ పాత టౌన్‌హాల్ కాలిపోయింది. రెండు రోజులకు రెంబ్రాంట్ ఆ మొండిగోడలను కాగితం మీద గీసుకున్నాడు, బేర్‌స్ట్రాటెన్ తైలవర్ణంలో వేశాడు.

నకలు విలువ ఏమిటో చెప్పే కథ కూడా ఆ టౌన్‌హాల్‌దే. దాని స్థానంలో లేచిన కొత్త భవనానికి 1715లో రెంబ్రాంట్ ‘నైట్ వాచ్’ను తరలించారు. గోడకు పట్టలేదని నాలుగు వైపులా కత్తిరించారు. ఆ ముక్కలు మళ్లీ దొరకలేదు. అదృష్టం ఏమిటంటే ఆ కత్తిరింపుకు ఎన్నో ఏళ్ల ముందే గెరిట్ లుండెన్స్ అనే చిత్రకారుడు ఆ మహా చిత్రాన్ని చిన్న పలక మీద పూర్తిగా నకలు తీసి పెట్టాడు. 2021లో రైక్స్ మ్యూజియం పోయిన అంచులను కంప్యూటర్ సాయంతో తిరిగి తయారు చేసి అసలు చిత్రం చుట్టూ అమర్చి చూపినప్పుడు, ఎడమ చివర ఇద్దరు మగవాళ్లు, ఒక పిల్లవాడు మళ్లీ కనబడ్డారు. వాళ్లు అక్కడ ఉండేవారని చెప్పింది లుండెన్స్ పలకే.